2017 మార్చి 31 తర్వాత పాత డబ్బా టీవీ పనిచేస్తుందా? ఊళ్లో ఉన్న పెద్దవాళ్ల కోసం ఏం సిద్ధం చేయాలి?

ఇది 2017 శివరాత్రికి ముందు రాసిన సమాధానం; తేదీలు, ధరలు, నిబంధనలు అప్పటివే. మీరు అడిగింది ఇదీ. బొబ్బిలి దగ్గర పల్లెలో అమ్మానాన్న, మామ్మగారు ఉంటున్నారు. ఇంట్లో రెండు పాత డబ్బా టీవీలు. 2017 మార్చి 31 తర్వాత బాక్సు లేకపోతే బొమ్మ రాదని కేబుల్ అబ్బాయి చెప్పి వెళ్లాడు. ఈ టీవీలు ఇక పనికిరావు, ఎల్ఈడీ కొనుక్కోండని టౌన్లో షాపువాళ్లు నాన్నగారికి చెప్పారు. మీరు బెంగళూరు నుంచి శివరాత్రికి మూడు రోజులు వెళ్తున్నారు. ఆ మూడు రోజుల్లో ఏం చేసి రావాలి? కేబుల్ మానేసి డిష్ పెట్టుకుంటే మేలా?

సమాధానం ముందే చెప్పేస్తాను. టీవీ మార్చాల్సిన పని లేదు. టీవీకి ఒకటి చొప్పున సెట్ టాప్ బాక్సు ఉంటే చాలు. కానీ బాక్సు తెచ్చి పెట్టడంతో పని అయిపోదు. నేను తిరిగిన ఇళ్లలో బాక్సు పాడై ఇబ్బంది పడ్డవాళ్లు తక్కువ. పాత వైరు వల్ల, టీవీ వెనక చిలుము పట్టిన పిన్నుల వల్ల, రెండు రిమోట్లు అర్థం కాకపోవడం వల్ల ఇబ్బంది పడ్డవాళ్లే ఎక్కువ. అందుకని మార్చి 31 దాకా ఆగకుండా ఈ శివరాత్రికే పెట్టించండి. పాత అనలాగ్ ప్రసారం (బాక్సు లేకుండా వైరు నుంచి నేరుగా టీవీకి వచ్చేది) ఇంకా నడుస్తుండగానే పెట్టించాలి. ఎందుకో కింద చెప్తాను.

నేను 1994లో విశాఖలో కేబుల్ వైర్లు లాగే కుర్రాడిగా ఈ పనిలోకి వచ్చాను. తర్వాత గాజువాకలో సొంతంగా చిన్న నెట్‌వర్క్ నడిపాను, 600 ఇళ్ల దాకా ఉండేవి. 2013లో విశాఖలో అనలాగ్ ఆపేసినప్పుడు ఆ 600 ఇళ్లకూ నేనూ నా ఇద్దరు కుర్రాళ్లూ తిరిగి బాక్సులు పెట్టాం. గత ఏడాదిగా విజయనగరం జిల్లా పట్టణాల్లో తెలిసిన ఆపరేటర్లకు ఇదే పనిలో సాయం చేస్తున్నాను. కింద చెప్పేదంతా ఆ ఇళ్లలో చూసింది.

ముందు తేదీ సంగతి. 1995 నాటి కేబుల్ టీవీ చట్టాన్ని 2011లో సవరించి, డిజిటల్‌కి, అంటే బాక్సుతో చూసే పద్ధతికి, మారే పనిని నాలుగు దశలు చేశారు. మొదట ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, 2012 అక్టోబరు 31కి. రెండో దశలో 38 నగరాలు, 2013 మార్చి 31కి. మన తెలుగువాళ్ల వైపు నుంచి హైదరాబాద్, విశాఖ అందులోనే ఉన్నాయి. మూడో దశ మిగతా పట్టణాలన్నీ. దానికి 2015 డిసెంబరు 31 గడువు పెడితే హైదరాబాద్ హైకోర్టు రెండు నెలలు పొడిగించింది, ఇతర రాష్ట్రాల్లోనూ కేసులు పడ్డాయి, చివరికి 2017 జనవరి 31 అన్నారు. నాలుగో దశ పల్లెలు. అది 2016 డిసెంబరు 31తో అయిపోవాల్సింది, 2017 మార్చి 31కి జరిపారు.

ఇన్నిసార్లు జరిగింది కదా, మళ్లీ జరుగుతుందిలే అని మీ నాన్నగారు అనుకుంటూ ఉండవచ్చు. చాలామంది అలాగే అంటున్నారు. నేను ఒప్పుకోను, దానికి మీ ఊరికే సంబంధించిన కారణం ఉంది. బొబ్బిలి మున్సిపాలిటీ కాబట్టి మూడో దశలోకి వస్తుంది. మీ ఊరికి సిగ్నల్ టౌన్ కంట్రోల్ రూమ్ నుంచే వస్తుంటే, అక్కడ అనలాగ్ యంత్రాలు ఆపేసిన రోజే మీ ఊళ్లోనూ బొమ్మ పోతుంది. పల్లెకు వేరే తేదీ ఉందని ఎవరూ విడిగా నడపరు. కాబట్టి ఇవాళే మీ కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి, సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తోంది, అక్కడ అనలాగ్ ఎప్పుడు ఆపుతున్నారు అని ఈ రెండూ అడగండి. పేపర్లో వచ్చే తేదీ కంటే ఆ జవాబే మీకు అసలు గడువు.

ఇంకో కారణం కూడా ఉంది. 2013 మార్చి ఆఖరి వారంలో మా దగ్గర బాక్సులు అయిపోయాయి. కావాలని ఆఖరి దాకా ఆగినవాళ్లు ఒక్కసారిగా వచ్చారు. హడావిడిలో మేం ఒక్కో ఇంట్లో పది నిమిషాలు కూడా ఉండలేకపోయాం. బాక్సు పెట్టి, బొమ్మ వచ్చిందా లేదా చూసి, పక్కింటికి వెళ్లిపోయాం. ఆ ఇళ్ల నుంచే తర్వాత నెలంతా ఫోన్లు వచ్చాయి. ముందే పెట్టించుకున్న ఇళ్లలో అరగంట కూర్చుని నేర్పించి వచ్చాం, వాళ్లెవరూ మళ్లీ ఫోన్ చేయలేదు.

షాపువాళ్లు చెప్పింది ఎందుకు తప్పు

అనలాగ్‌లో ఒక్కో ఛానెల్‌కి వైరులో 7 లేదా 8 మెగాహెర్ట్జ్ చోటు కావాలి. డిజిటల్‌లో అదే చోట్లో పది, ఇంకా ఎక్కువ ఛానెళ్లు కుక్కవచ్చు. అవి లెక్కల రూపంలో వస్తాయి, పైగా తాళం వేసి వస్తాయి. ఆ తాళం తీసి, లెక్కల్ని మళ్లీ బొమ్మగా మార్చి టీవీకి అందించేది బాక్సు. టీవీ చేసే పని ఆ బొమ్మను చూపించడమే. పదిహేనేళ్ల నాటి డబ్బా టీవీ కూడా ఆ పని చేస్తుంది.

ఇక్కడ షాపువాళ్లు చెప్పని మాట ఒకటుంది. కొత్త ఎల్ఈడీ కొన్నా బాక్సు కొనాల్సిందే. కేబుల్ వైరు నేరుగా ఎల్ఈడీకి పెడితే, తాళం తీసే కార్డు దానిలో లేదు కాబట్టి ఛానెళ్లు రావు. గాజువాకలో ఒక పెద్దావిడ ఉండేవారు. బాక్సు పెట్టిన మూడో రోజు టీవీలో నీలం తెర తప్ప ఏమీ రాలేదు. టీవీ పోయిందనుకుని, దాచుకున్న డబ్బుతో కొత్త టీవీ తెప్పించుకున్నారు. నేను వెళ్లి చూస్తే పాత టీవీకి ఏమీ కాలేదు. ఎవరో పిల్లలు టీవీ రిమోట్‌లో ఏవీ (AV) బటన్ నొక్కేశారు. యాంటెనా పిన్ను నుంచి వచ్చే బొమ్మకీ, బాక్సు నుంచి వచ్చే బొమ్మకీ మధ్య టీవీని మార్చే బటన్ అది. ఒక్క బటన్‌కి ఆవిడ పన్నెండు వేలు ఖర్చుపెట్టారు. నేను ఆ ఇంట్లో ఐదు నిమిషాలు ఎక్కువ కూర్చుని ఉంటే ఆ ఖర్చు తప్పేది. ఇవాళ్టికీ ఆ సంగతి నన్ను బాధపెడుతుంది, ఇంత పొడుగు సమాధానం రాయడానికి కారణం కూడా అదే.

పాతదీ కొత్తదీ కొన్నాళ్లు పక్కపక్కన నడపండి

శివరాత్రికే పెట్టించమన్నది ఇందుకే. ఇప్పుడు మారుతున్న ఊళ్లలో చాలాచోట్ల ఒకే వైరులో అనలాగ్, డిజిటల్ రెండూ వస్తున్నాయి. మీ కేబుల్ అబ్బాయిని అడిగితే మీ దగ్గర అలా ఉందో లేదో చెప్తాడు. ఉంటే ఇలా చేయించండి. ఇంట్లోకి వచ్చే వైరుకి రెండు దారుల స్ప్లిటర్ పెట్టి, ఒక కొస ఎప్పట్లాగే టీవీ యాంటెనా పిన్నుకి, రెండో కొస బాక్సుకి ఇవ్వాలి. బాక్సు నుంచి పసుపు, ఎరుపు, తెలుపు రంగుల ఏవీ వైరు టీవీకి. ఇప్పుడు టీవీ రిమోట్‌లో ఏవీ బటన్ నొక్కితే బాక్సు బొమ్మ వస్తుంది, మళ్లీ నొక్కితే మామ్మగారికి అలవాటైన పాత కేబుల్ వస్తుంది. కొన్ని బాక్సులకు వెనక వైరు లోపలికి ఒకటి, బయటికి ఒకటి రెండు పిన్నులుంటాయి. అలాంటి వాటికి స్ప్లిటర్ కూడా అక్కర్లేదు.

దీనివల్ల జరిగే మేలు నేను కళ్లారా చూశాను. కొత్తది అర్థం కాకపోతే పాతదానికి వెళ్లిపోవచ్చన్న ధైర్యం ఉన్నప్పుడు పెద్దవాళ్లు కొత్త రిమోట్‌ని ముట్టుకుంటారు. ఆ దారి మూసేశాక ఇచ్చిన ఇళ్లలో రిమోట్ అలమరాలోకి పోయింది, మనవడు బడి నుంచి వచ్చేదాకా టీవీ ఆన్ కాలేదు. నాలుగైదు వారాలు రెండూ నడిస్తే చాలు. అనలాగ్ ఆగిన రోజు వాళ్లు గమనించను కూడా గమనించరు. ఆ తర్వాత స్ప్లిటర్ తీయించేయండి, అది సగం సిగ్నల్ తినేస్తుంది.

వైరు

అనలాగ్‌లో సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద చుక్కలు, గీతలు వచ్చేవి. అయినా చూసేవాళ్లం, అలవాటైపోయింది. డిజిటల్ అలా సర్దుకోదు. సరిపడా సిగ్నల్ ఉన్నంతవరకు అద్దంలా ఉంటుంది, కొంచెం దిగితే గళ్లు గళ్లుగా విడిపోతుంది, ఇంకొంచెం దిగితే మొత్తం ఆగిపోతుంది. అందుకే "పాత కేబుల్‌లో బాగానే వచ్చేది, బాక్సు పెట్టాకే పాడైంది" అనే మాట ప్రతి వీధిలో విన్నాను. నిజానికి వైరు పదేళ్లుగా పాడై ఉంది, ఇప్పుడు బయటపడింది.

మీ ఇంటికి వెళ్లగానే స్తంభం నుంచి టీవీ దాకా వైరు వెంట నడిచి చూడండి. మధ్యలో టేపు చుట్టిన జాయింట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. పల్లెల్లో రెండు మూడు ఉండడం మామూలే. కోతులు లాగిన చోట, ఇల్లు కట్టేటప్పుడు తెగిన చోట తీగలు మెలిపెట్టి టేపు చుట్టేస్తారు. వానాకాలంలో అందులోకి నీళ్లు దిగుతాయి. ఒక్క జాయింటు ఉన్నా సరే, స్తంభం నుంచి టీవీ దాకా ఒకే ముక్కగా కొత్త ఆర్‌జీ-6 వైరు లాగించండి. 30 మీటర్లయినా ఖర్చు కొన్ని వందల్లోనే తేలుతుంది. రెండు కొసలకూ మర బిగించే ఎఫ్ కనెక్టరు ఉండాలి, రాగి తీగను ఊరికే పిన్నులో గుచ్చి వదలకూడదు.

ఆపరేటర్ దగ్గర సిగ్నల్ మీటరు ఉంటుంది. బాక్సు దగ్గర పెట్టి చూడమనండి. డిజిటల్‌కి 55 నుంచి 65 డెసిబెల్ మైక్రోవోల్ట్ (dBµV) మధ్య ఉంటే నాకు నిశ్చింత. 50 కంటే కిందికి ఉంటే ఇవాళ బొమ్మ వచ్చినా వానపడ్డ రోజు పోతుంది. చాలా ఎక్కువ ఉన్నా మంచిది కాదు, సిగ్నల్ బలం పెంచే యాంప్లిఫయర్ మీ పక్కింటి దగ్గరే ఉంటే అప్పుడూ గళ్లు పడతాయి. మీటరు లేదంటే బాక్సు మెనూలో సిగ్నల్ బలం, నాణ్యత అని రెండు గీతలు కనిపిస్తాయి. రెండో గీతనే చూడండి.

వేసవి ఈదురుగాలుల్లో పిడుగుల సంగతి కూడా చెప్పాలి. పిడుగు పడితే వైరు గుండా వచ్చి మొదట బాక్సుని కాలుస్తుంది. ఉరుములు మొదలవగానే ప్లగ్గు తీయడం అందరూ చేస్తారు, కేబుల్ వైరు తీయడం మర్చిపోతారు. రెండూ తీయాలి. ఓల్టేజీ ఎగిరి దిగే ఊరైతే బాక్సు అడాప్టర్‌ని కూడా టీవీ స్టెబిలైజర్‌లోనే పెట్టండి.

టీవీ వెనక

డబ్బా టీవీలకు ఏవీ పిన్నులు వెనకో, పక్కనో, ముందు చిన్న మూత కిందో ఉంటాయి. పదేళ్లు ఎవరూ వాడలేదు కాబట్టి పచ్చటి చిలుము పట్టి ఉండవచ్చు. ఏవీ వైరు పెట్టి రెండు మూడుసార్లు తిప్పితే చాలావరకు పోతుంది. ఒకే స్పీకరు టీవీ అయితే పసుపు, తెలుపు చాలు, ఎరుపు వేలాడుతున్నా పర్వాలేదు. ఏవీ పిన్నులే లేని మరీ పాత టీవీ అయితే, బాక్సు బొమ్మను యాంటెనా పిన్నులోకి పంపే చిన్న కన్వర్టర్ దొరుకుతుంది. కొన్ని వందల రూపాయలు. బొమ్మ కొంచెం మసకగా ఉంటుంది గానీ చూడవచ్చు.

పాత టీవీ రిమోట్ పోయి ఏళ్లయి ఉంటే ఏవీలోకి ఎలా వెళ్లాలన్నది పెద్ద సమస్య. టీవీ ముందున్న బటన్లతో ఛానెల్ వెనక్కి నొక్కుతూ పోతే కొన్ని టీవీల్లో సున్నా దగ్గర ఏవీ వస్తుంది. అది లేకపోతే రిమోట్ కొనాల్సిందే. టీవీ మోడల్ నంబరు ఫొటో తీసి షాపులో చూపించండి.

బొమ్మ తెలుపు నలుపుగా వచ్చినా, పైకి దొర్లుతున్నా టీవీ పాడైందనుకోకండి. బాక్సు సెట్టింగుల్లో ఎన్‌టీఎస్‌సీ (NTSC) అని ఉంటే పాల్ (PAL, మన దేశపు టీవీల పద్ధతి) అని మార్చండి. మనుషులు సన్నగా పొడుగ్గా కనిపిస్తుంటే అదే మెనూలో 16:9 తీసి 4:3 పెట్టండి. ఈ రెండూ ఆపరేటర్ కుర్రాళ్లు చాలామంది చూడరు, వాళ్లకు ఇంకో ముప్ఫై ఇళ్లున్నాయి.

రిమోట్లు, మామ్మగారు

ఇది మీరు స్వయంగా చేయాల్సిన పని, ఎవరికీ అప్పగించకండి.

టీవీ సౌండు ముప్పావు దగ్గర పెట్టి, టీవీని ఏవీలో వదిలేయండి. ఆ తర్వాత టీవీ రిమోట్‌తో మామ్మగారికి పని ఉండకూడదు. టీవీని గోడ స్విచ్చితో ఆన్ ఆఫ్ చేసుకుంటారు, ఛానెల్, సౌండు అంతా బాక్సు రిమోట్‌తోనే. ముందు ఒకసారి పరీక్షించండి, కొన్ని టీవీలు కరెంటు తీసి ఇచ్చాక ఏవీ వదిలేసి మామూలు ఛానెల్లోకి వెళ్లిపోతాయి. అలాంటి టీవీ అయితే టీవీ రిమోట్‌లో ఏవీ బటన్ ఒక్కదాని మీద ఎర్రటి గోళ్ల రంగు చుక్క పెట్టి, అదొక్కటే నేర్పించండి. కొన్ని బాక్సు రిమోట్లలో నాలుగైదు బటన్లకు టీవీ రిమోట్ పనిని నేర్పించే వీలుంటుంది. అలాంటిది దొరికితే ఒక్క రిమోట్‌తో పని జరిగిపోతుంది, అడిగి చూడండి.

ఛానెల్ నంబర్లు మారిపోతాయి. పెద్దవాళ్లకు ఇది మనం అనుకునేదానికంటే కష్టం. ఇరవై ఏళ్లుగా 5 అంటే ఫలానా ఛానెల్ అని వేళ్లకు తెలుసు, ఇప్పుడు మూడంకెల నంబర్లు. వాళ్లు చూసే ఛానెళ్లు నిజంగా ఐదో ఆరో ఉంటాయి. ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో ఆ ఆరింటి పేర్లూ నంబర్లూ రాసి టీవీ పక్కన గోడకు అంటించండి. చదవడం రాకపోతే ఛానెల్ గుర్తు బొమ్మ గీయండి. బాక్సులో ఫేవరెట్ లిస్టు పెడితే మంచిదేగానీ, అది పొరపాటున చెరిగిపోతుంది, అట్ట చెరగదు.

కరెంటు పోయి వస్తే బాక్సు మళ్లీ మొదలవడానికి నిమిషమో రెండు నిమిషాలో పడుతుంది. ఈ లోపల తెర నల్లగా ఉంటుంది. కొన్ని బాక్సులు ఎర్రలైటు వేసుకుని ఆగిపోతాయి, రిమోట్‌లో ఎర్రబటన్ నొక్కితేనే లేస్తాయి. మీరున్న రోజుల్లోనే రెండుసార్లు మెయిన్ ఆపి వేసి, వాళ్లచేత నొక్కించండి. తెర మీద అప్పుడప్పుడు అంకెలు వచ్చి తిరిగి పోతుంటాయి, అది దొంగ రికార్డింగులు పట్టుకోవడానికి వేసే గుర్తు. పాడైపోయిందని టెన్షన్ పడక్కర్లేదని ముందే చెప్పండి.

బెంగళూరు నుంచి ఫోన్లో సరిచేయాలంటే

వాళ్లను "తెర మీద ఏముంది, ఉన్నది ఉన్నట్టు చదువు" అని అడగండి. ఉత్త నీలం తెరో, చుక్కల తెరో ఉండి బాక్సు మెనూ కూడా రాకపోతే తప్పు టీవీకీ బాక్సుకీ మధ్య ఉంది, ఏవీ బటనో ఏవీ వైరో చూడాలి. బాక్సు మెనూ వచ్చి "నో సిగ్నల్" అని ఉంటే బయటి వైరు సంగతి, ఆపరేటర్ రావాలి. ముందు పక్కింట్లో వస్తోందో లేదో అడగమనండి, వాళ్లకూ రాకపోతే ఫోన్ కూడా అక్కర్లేదు, అతనికి తెలిసే ఉంటుంది. కొన్ని ఛానెళ్లు వచ్చి కొన్నింటికి మాత్రం సబ్‌స్క్రైబ్ చేయలేదనో, స్క్రాంబుల్డ్ అనో వస్తే అది డబ్బు కట్టని సంగతో, ప్యాకేజీలో ఆ ఛానెల్ లేని సంగతో. నా అనుభవంలో ఇంట్లోంచి వచ్చే పది ఫోన్లలో ఆరేడు మొదటి రకమే. ఎవరూ రాకుండా సరిపోయేవి.

డబ్బు, కాగితాలు

2017 మొదట్లో మా వైపు బాక్సు 1,000 నుంచి 1,500 మధ్య అడిగేవారు. నోట్ల రద్దు తర్వాత పల్లెల్లో చేతిలో డబ్బు ఆడక చాలామంది వాయిదా వేసుకున్నారు, ఆపరేటర్లు కూడా రెండు మూడు విడతల్లో తీసుకుంటున్నారు. అడగండి, మొహమాటం అక్కర్లేదు. బాక్సు పూర్తిగా కొనుక్కోవడమే కాదు, వాయిదాల మీదో అద్దెకో తీసుకునే వీలు కూడా ఉండాలని అప్పటి ట్రాయ్ (టెలికాం, టీవీ సేవలను నియంత్రించే సంస్థ) నిబంధన. మీకు ఇచ్చింది వీటిలో ఏదో రసీదు మీద రాయించుకోండి. డబ్బంతా కట్టి, ఆ తర్వాత "బాక్సు కంపెనీదే" అని వినాల్సి వచ్చిన ఇళ్లు నాకు తెలుసు.

కనెక్షన్ ఫారం నింపి సంతకం చేయాలి. అందులో బాక్సు సీరియల్ నంబరు, కార్డు నంబరు ఉంటాయి. రెండూ ఫోన్లో ఫొటో తీసి మీ దగ్గర ఉంచుకోండి. రేపు ఏ ఫిర్యాదుకైనా మొదట అడిగేది అదే. ఫారం నాన్నగారి పేరు మీదే ఉండాలి. అనలాగ్ రోజుల్లో ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లకు కనెక్షన్ ఉందో పైవాళ్లకు తెలిసేది కాదు. ఆపరేటర్లు తక్కువ చూపించేవాళ్లు, మా వృత్తిలో అది అందరికీ తెలిసిన సంగతి. ప్రభుత్వానికి పన్ను, ఛానెళ్లకు డబ్బు రాకపోవడమే ఈ మార్పు వెనక ఉన్న పెద్ద కారణాల్లో ఒకటి. ఇప్పుడు ప్రతి బాక్సూ కంప్యూటర్‌లో పేరుతో సహా కనిపిస్తుంది. పేరు లేని బాక్సు మీ ఇంట్లో ఉంటే ఒకరోజు అడక్కుండా ఆగిపోతుంది.

నెల ఛార్జీ విషయంలో 100 ఉచిత ఛానెళ్లుండే ప్రాథమిక ప్యాకేజీ 100 రూపాయలు దాటకూడదని ట్రాయ్ 2012లో పెట్టింది, పన్నులు అదనం; ఆ పరిమితి తర్వాత మారింది. కానీ జెమిని, ఈటీవీ, మా టీవీ, జీ తెలుగు డబ్బు కట్టి చూడాల్సిన పే ఛానెళ్లు, ఆ ప్యాకేజీలో రావు. సీరియళ్లు చూసే ఇల్లయితే తెలుగు ప్యాకేజీ కావాల్సిందే. వాళ్లు చూసే ఆరు ఛానెళ్ల పేర్లు రాసుకుని వెళ్లి, ఇవన్నీ వచ్చే చిన్న ప్యాకేజీ ఏదని అడగండి. ఛానెళ్ల సంఖ్య చూసి తీసుకోకండి. 300 ఛానెళ్ల ప్యాకేజీలో వాళ్లకు అర్థమయ్యే భాషవి ముప్ఫై ఉండవచ్చు.

డిష్ పెట్టుకుంటే?

మీరు ఇది కూడా అడిగారు. నేను కేబుల్ మనిషిని కాబట్టి కేబుల్ వైపు మాట్లాడతానని అనుకోవచ్చు, నిజంగా నేను చూసేది ఒక్కటే: పాడైతే ఎవరు వస్తారు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో మా స్తంభాలు, వైర్లు నేలమట్టమయ్యాయి, కొన్ని వీధుల్లో కేబుల్ తిరిగి ఇవ్వడానికి మాకు వారాలు పట్టింది. డిష్‌లు కూడా ఎగిరిపోయాయి, కానీ ఎగరని ఇళ్లలో కరెంటు వచ్చిన రోజే టీవీ వచ్చింది. మామూలు రోజుల్లో మాత్రం పల్లెలో కేబుల్ అబ్బాయి సాయంత్రానికి వస్తాడు, డిష్ మనిషి కోసం టౌన్‌కి ఫోన్ చేసి రెండు రోజులు చూడాలి. మీ కేబుల్ అబ్బాయి పిలిస్తే వచ్చే మనిషయితే ఆ కనెక్షన్ వదులుకోకండి. ఏడాదిలో నెల రోజులు బొమ్మ రాని ఊరైతే డిష్‌కి వెళ్లండి. పైడితల్లి సిరిమానోత్సవం లాంటివి లోకల్ ఛానెల్లో చూసే అలవాటు ఇంట్లో ఉంటే, అది డిష్‌లో రాదని గుర్తుంచుకోండి.

డిష్‌కి మన ప్రాంతంలో దక్షిణం, ఆగ్నేయం వైపు ఆకాశం ఖాళీగా ఉండాలి. ఇవాళ చిన్నగా ఉన్న కొబ్బరిమొక్క మూడేళ్లలో అడ్డం వస్తుంది. జోరువాన పడుతున్న ఆ పావుగంట, అరగంట బొమ్మ పోవడం మామూలు, దానికి మందు లేదు. దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్‌కి ఒకసారి పరికరాల ఖర్చు తప్ప నెల నెలా కట్టేది లేదు. దూరదర్శన్ తెలుగు ఛానెళ్లు సప్తగిరి, యాదగిరి వస్తాయి, పెద్ద తెలుగు సీరియల్ ఛానెళ్లు రావు. వార్తలు, పాత సినిమాలు చాలనుకునే ఇంటికి, లేదా మీ రెండో టీవీకి అది సరిపోతుంది. 149 రూపాయలకే ప్రభుత్వ ఫైబర్ (టీవీ, ఇంటర్నెట్ కలిపి ఇచ్చేది) వస్తుందట కదా అని కూడా 2017 మొదట్లో అందరూ అడిగేవారు. అప్పటి తూర్పుగోదావరి జిల్లా మోరిలో మొదలుపెట్టారు, మంచి పథకం. మీ ఊరికి వచ్చాక మారండి. దానికోసం ఇప్పుడు ఆగితే మధ్యలో టీవీ లేకుండా ఉండాలి.

రెండో టీవీ మాటకొస్తే, ఒకే బాక్సు నుంచి రెండు టీవీలకు వైరు ఇచ్చి పని జరుపుకునేవాళ్లున్నారు. రెండింట్లోనూ ఒకే ఛానెల్ వస్తుంది. నాన్నగారు వార్తలు పెడితే మామ్మగారి సీరియల్ పోతుంది. ఈ గొడవ నేను ఎన్ని ఇళ్లలో చూశానో చెప్పలేను. ఇద్దరూ ఒకే సమయానికి చూసేవాళ్లయితే రెండు బాక్సులు తీసుకోండి.

బాక్సును రాత్రిపూట గోడ స్విచ్చి దగ్గరే ఆపమనండి. రిమోట్‌తో ఆపితే అది నిద్రపోదు. పది వాట్లు తినే బాక్సు రోజంతా ఆగకుండా ఉంటే నెలకు ఏడు యూనిట్లవుతాయి.

బయలుదేరే ముందు నాన్నగారికి ఫోన్ చేసి, రెండు టీవీల వెనకా పసుపు పిన్ను ఉందో లేదో చూసి చెప్పమనండి. రెండు మంచి ఏవీ వైర్లు, పసుపు పిన్ను లేని టీవీ ఉంటే ఆ కన్వర్టర్, బెంగళూరులోనే కొని పట్టుకెళ్లండి. శివరాత్రి శుక్రవారం, ఆ రోజు కేబుల్ కుర్రాళ్లూ గుడికి వెళ్తారు. గురువారం సాయంత్రమో శనివారం ఉదయమో రమ్మని ఇప్పుడే మాట తీసుకోండి. ఆదివారం మీరు బస్సెక్కే లోపు మామ్మగారు ఎవరి సాయం లేకుండా ఒకసారి టీవీ ఆపి, మళ్లీ ఆన్ చేసి, తన ఛానెల్ పెట్టుకోవడం మీరు పక్కన కూర్చుని చూడండి. ఎక్కడ ఆగిపోయారో ఇక్కడ రాస్తే నాకు తెలిసింది చెప్తాను.